పెద్ద కంపెనీ డబ్బుతో స్టార్టప్‌లలో పెట్టుబడి: ఈ కెరీర్‌లోకి రావడం, పైకి వెళ్లడం

నాకు ఫోన్ చేసి ఈ ఉద్యోగం గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మన తెలుగు పిల్లలే. ఐటీలోనో, ఏదైనా విదేశీ కంపెనీ ఇంజనీరింగ్ సెంటర్‌లోనో ఏడెనిమిదేళ్లు చేసి, ఇక కోడ్ రాసింది చాలు అనుకున్నవాళ్లు. "అక్కా, ఎంబీఏ చెయ్యాలా, సీఎఫ్ఏ సరిపోతుందా?" అన్నది మొదటి ప్రశ్న. ఏది చేసినా మంచిదే. ఇంటర్వ్యూలో మాత్రం నేను ఇంకోటి అడుగుతాను: మీ కంపెనీలో ఒక పర్చేజ్ మేనేజర్ చేత అతనికి ఇష్టం లేని పని ఎప్పుడైనా చేయించారా?

ప్రశ్న వింతగా ఉందనుకోకండి. కార్పొరేట్ వెంచర్ క్యాపిటల్, అందరూ సీవీసీ అంటారు, వేరే వ్యాపారం చేసుకునే కంపెనీ స్టార్టప్‌లలో చిన్న వాటాలు కొనడం. డబ్బుకి డబ్బు రావాలి, ఆ స్టార్టప్ చేసేది మన వ్యాపారానికీ పనికిరావాలి. ఫౌండర్‌ని ఒప్పించడం పెద్ద కష్టం కాదు, డబ్బిస్తానంటే ఎవరు వద్దంటారు? మన ప్లాంట్ హెడ్, మన పర్చేజ్, మన ఫైనాన్స్, వీళ్ల దగ్గరే డీల్ నిలబడేదీ పడిపోయేదీ. కోరమంగల కెఫేల్లో ఫౌండర్లతో కూర్చునే సమయం కంటే సొంత ఆఫీసు మీటింగ్ రూముల్లో గడిచేదే ఎక్కువ. అది ఇష్టం లేనివాళ్లు స్టార్టప్‌లలో పెట్టుబడే పనిగా నడిచే మామూలు వెంచర్ క్యాపిటల్ (వీసీ) ఫండ్‌లో చేరితే సుఖపడతారు.

నేను వాహనాల విడిభాగాలు చేసే కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరుగా చేరి, ఇప్పుడు అక్కడే పెట్టుబడుల జట్టు నడుపుతున్నాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఫ్యాక్టరీల వైపు నుంచి చూసిన లెక్క. బ్యాంకులోనో మందుల కంపెనీలోనో చేసేవాళ్లకి కొన్ని విషయాలు వేరుగా ఉంటాయి.

డబ్బు ఏ జేబులోంచి వస్తుంది?

ఉద్యోగం వెతికేముందు తెలుసుకోవాల్సింది ఇదే, ఎవరూ అడగనిదీ ఇదే. కొన్ని కంపెనీలు నేరుగా తమ బ్యాలెన్స్ షీట్ నుంచి, అంటే సొంత ఖాతాలోని డబ్బే పెడతాయి. కొన్ని వేరే ఫండ్ పెట్టి, అందులో ఇంత అని ముందే కేటాయిస్తాయి. రెండు దారులూ నడిచిన కంపెనీ ఇన్ఫో ఎడ్జ్, మన నౌకరీ డాట్ కామ్ వాళ్లది. 2010లో ఫుడీబే అనే చిన్న వెబ్‌సైట్‌లో సొంత ఖాతా నుంచే 4.7 కోట్లు పెట్టారు. అదే తర్వాత జొమాటో అయింది. 2020కి వచ్చేసరికి వేరే ఫండ్ పెట్టారు, అందులో సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ టెమాసెక్ కూడా డబ్బు పెట్టింది. బెంగళూరు ఐటీ కంపెనీల్లో ఇన్ఫోసిస్ 2013లో 10 కోట్ల డాలర్లతో ఇన్నోవేషన్ ఫండ్ మొదలుపెట్టి 2015లో దాన్ని 50 కోట్ల డాలర్లకి పెంచింది. విప్రో వెంచర్స్ 2015లో 10 కోట్ల డాలర్లతో మొదలైంది. విదేశీ కంపెనీల్లో ఇంటెల్ క్యాపిటల్ 1991 నుంచీ, క్వాల్‌కామ్ వెంచర్స్ 2000 నుంచీ ఉన్నాయి.

బ్యాలెన్స్ షీట్ నుంచి పెడితే కంపెనీల చట్టం 2013లోని 186వ సెక్షన్ మీ రోజువారీ జీవితంలోకి వస్తుంది. పెట్టుబడికి బోర్డు తీర్మానం కావాలి, అదీ మీటింగ్‌కి వచ్చిన డైరెక్టర్లందరూ ఒప్పుకుంటేనే. మెజారిటీ చాలదు. ఒక్క ఇండిపెండెంట్ డైరెక్టర్ తల అడ్డంగా ఊపితే ఆ క్వార్టర్‌కి మీ డీల్ అంతే. మొత్తం పెట్టుబడులకీ, కంపెనీ ఇతరులకి ఇచ్చే అప్పులకీ పరిమితి కూడా ఉంది: చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వులు (డివిడెండ్‌గా పంచగల నిల్వలు), సెక్యూరిటీస్ ప్రీమియం (షేరు ముఖవిలువకి మించి వచ్చిన డబ్బు) కలిపి అందులో 60 శాతం, లేదా ఫ్రీ రిజర్వులు, ప్రీమియం కలిపి 100 శాతం, ఏది ఎక్కువైతే అది. దాటాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి.

వేరే ఫండ్ అయితే సెబీ 2012 నాటి ఏఐఎఫ్ (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్) నిబంధనలు వర్తిస్తాయి. మామూలు స్కీముకి కనీసం 20 కోట్లు ఉండాలి, కాలపరిమితి ఉంటుంది, మేనేజర్ ఉంటాడు. కాగితం పని ఎక్కువే. అయితే కొత్త సీఈఓ వచ్చి "ఈ స్టార్టప్‌ల గోల మనకెందుకు" అన్నా, కేటాయించిన డబ్బుని అంత తేలిగ్గా వెనక్కి లాగలేడు. నేను చూసినంతలో సీవీసీ జట్లు ఎక్కువగా మూతపడేది పెట్టుబడులు మునిగినందుకు కాదు, మొదలుపెట్టిన సీఈఓ వెళ్లిపోయినందుకు. ఇది మనసులో పెట్టుకునే ఆఫర్ లెటర్ చదవండి.

ఇంకో చిన్న సంగతి, కానీ జట్టులో చేరిన మొదటి నెలలోనే ఎదురవుతుంది. వాటా 20 శాతం దగ్గరికి రాగానే ఫైనాన్స్ వాళ్లు ఉలిక్కిపడతారు. ఇండ్ ఏఎస్ 28 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం 20 శాతం ఓటింగ్ ఉంటే ఆ కంపెనీ మీద మనకి గట్టి ప్రభావం ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించుకుంటే తప్ప. అప్పుడు స్టార్టప్ నష్టాల్లో మన వంతు మన ఖాతాల్లోకి వచ్చి కూర్చుంటుంది. "పందొమ్మిది దాటకమ్మా" అని మా ఫైనాన్స్ హెడ్ అనేది అందుకే.

లోపలికి వచ్చే దారి

బయటి నుంచి వచ్చేవాళ్లు ఉన్నారు: పెద్ద ఆడిట్ సంస్థల వాల్యుయేషన్ విభాగాల నుంచి, వీసీ ఫండ్ల నుంచి, సొంత స్టార్టప్ మూసేసి. నా అభిప్రాయంలో అన్నిటికంటే గట్టి దారి ఇప్పుడు మీరున్న కంపెనీ లోపలి నుంచే. బెంగళూరులో పెద్ద ఇంజనీరింగ్ సెంటర్లలో చాలావాటికి స్టార్టప్‌లతో కలిసి పనిచేసే ప్రోగ్రామ్ ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని నడిపేవాళ్లకి ఎప్పుడూ మనుషులు చాలరు. ఒక పైలట్‌ని, అంటే స్టార్టప్ సరుకుని చిన్న స్థాయిలో వాడి చూసే ప్రయోగాన్ని, మీ నెత్తిన వేసుకోండి. జీతం పెరగదు, పని పెరుగుతుంది. కానీ స్టార్టప్ డెమో నుంచి మొదటి బిల్లు చెల్లింపు దాకా మధ్యలో ఏమేం అడ్డుపడతాయో చూసినవాళ్లు మార్కెట్లో చాలా తక్కువ, అదే మీ బలం.

ఆ పనితో పాటు రాత్రిపూట ఇంట్లో చేసుకోదగ్గ సాధన ఒకటుంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కడితే ఏ కంపెనీ దాఖలు చేసిన కాగితాలైనా చూడొచ్చు. మీకు నచ్చిన స్టార్టప్ ఒకటి తీసుకుని, షేర్లు జారీ చేసినప్పుడు వేసే పీఏఎస్-3 ఫారాలన్నీ వరసగా పెట్టుకుని, ఎవరి వాటా ఏ రౌండ్‌లో (కొత్త పెట్టుబడి వచ్చిన విడతలో) ఎంత తగ్గిందో ఎక్సెల్‌లో కట్టండి. ఏడాదికోసారి వేసే వార్షిక రిటర్న్ ఎంజీటీ-7తో సరిచూసుకోండి. మొదటిసారి లెక్క కలవదు. ప్రిఫరెన్స్ షేర్లు ఎన్ని మామూలు షేర్లుగా మారతాయో, ఉద్యోగులకి ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లు, అదే ఈసాప్ పూల్, ఎంతో మరిచిపోయి ఉంటారు. ఆ లెక్క కలిపేసరికి క్యాప్ టేబుల్, అంటే ఎవరికెంత వాటా ఉందో చెప్పే పట్టిక, ఏమిటో ఏ కోర్సూ చెప్పనంత బాగా అర్థమవుతుంది.

పైన చెప్పిన 4.7 కోట్ల సంగతే చూడండి. దానికి వచ్చిన వాటా 18.5 శాతం. అంటే డబ్బు పడ్డాక ఆ కంపెనీ విలువ సుమారు 25.4 కోట్లు, పడకముందు 20.7 కోట్లు. ఈ లెక్క నోటితో వెంటనే చెప్పగలగాలి, ఫౌండర్ ముందు ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ వెతుక్కుంటే బాగోదు. తర్వాత సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే డీఆర్‌హెచ్‌పీలు, అంటే స్టాక్ మార్కెట్‌కి వచ్చేముందు కంపెనీలు దాఖలు చేసే ముసాయిదా పత్రాలు, చదవండి. ఎలక్ట్రిక్ స్కూటర్లు చేసే ఏథర్ ఎనర్జీది తీసుకోండి. మద్రాసు ఐఐటీలో పుట్టి బెంగళూరులో పెరిగిన కంపెనీ కాబట్టి మనకి దగ్గరిది కూడా. మొత్తం చదవక్కర్లేదు, మూలధనం ఎలా పెరిగిందో చెప్పే భాగం, రిస్కుల భాగం, వాటాదారుల ఒప్పందాల భాగం చాలు.

ఇక మనుషుల్ని కలిసే చోట్లు. బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం లోపల స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్రం ఎన్‌ఎస్‌ఆర్‌సీఈఎల్, బయోటెక్ అయితే జీకేవీకే క్యాంపస్‌లోని సీ-క్యాంప్, లోతైన టెక్నాలజీ అయితే ఐఐఎస్సీ, మద్రాసు ఐఐటీ రీసెర్చ్ పార్క్. స్టార్టప్‌లు తమ సరుకు చూపించే డెమో డేలకి వెళ్లండి గానీ కార్డులు పంచడానికి మాత్రం వద్దు. ఒక్క ఫౌండర్‌ని ఎంచుకుని, మీ కంపెనీలో ఆయన సరుకు ఎవరికి పనికొస్తుందో కనుక్కుని, ఆ మనిషికి పరిచయం చేయండి. ఈ ఊళ్లో మన తెలుగు ఫౌండర్లు చాలామంది, మాట కలపడం తేలిక. అందుకే జాగ్రత్త కూడా కావాలి. మన జిల్లావాడని తెలియగానే మొహమాటం మొదలవుతుంది, అడగాల్సిన నాలుగు ప్రశ్నల్లో రెండు గొంతులోనే ఉండిపోతాయి. అలాంటి డీల్‌లో ప్రశ్నలడిగే పని నేను జట్టులో ఇంకొకరికి అప్పగిస్తాను.

హోసూరులో ఒక బాక్సు

పైలట్ ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాను. మెషీన్ల బేరింగులు అరిగిపోతున్నాయని ముందే పసిగట్టే సెన్సర్ బాక్సు ఒకటి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని చిన్న కంపెనీ చేసింది. టెక్నాలజీ బాగుంది, మా ఇంజనీర్లు మార్కులు వేశారు. హోసూరు ప్లాంట్‌కి తీసుకెళ్లాం. ప్లాంట్ హెడ్ చిత్తూరు వైపు పెద్దాయన. ఫౌండర్ స్లైడ్లన్నీ ఓపిగ్గా చూసి, చివర్లో ఒకే ఒక్కటి అడిగారు.

"బాబూ, రాత్రి రెండు గంటలకి ఇది మోగితే ఎవరు చూడాలి?"

ఫౌండర్ యాప్‌లో నోటిఫికేషన్ వస్తుందన్నాడు. "షిఫ్టులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టిస్తాం కదయ్యా" అన్నారు ఆయన.

ఆ మాటతో ఆ సరుకు మారింది. మెషీన్ దగ్గరే ఎర్ర లైటు, దాని కింద ఏం చెయ్యాలో తమిళం, తెలుగు, కన్నడ, హిందీల్లో రెండు లైన్లు. పెట్టుబడికి ముందు నెలల తరబడి చేసే పరిశీలన, అదే డ్యూ డిలిజెన్స్‌లో రాని విషయం ఆ ఒక్క ప్రశ్నలో వచ్చింది. అందుకే నేను టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల ముసాయిదా) కంటే ముందు ప్లాంట్‌కి తీసుకెళ్తాను, తర్వాత కాదు.

అంతా బాగుందనుకుంటే పర్చేజ్ దగ్గర ఆగింది. వెండర్ కోడ్, అంటే సరుకు సరఫరా చేసేవాళ్లుగా నమోదు, కావాలంటే మూడేళ్ల ఆడిటెడ్ ఖాతాలు, ఇంత టర్నోవర్, ఇలాంటివే ఇంకో ఇద్దరు కస్టమర్ల ఉత్తరాలు ఇవ్వాలి. రెండేళ్ల వయసున్న కంపెనీ మూడేళ్ల ఖాతాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? చెల్లింపేమో తొంభై రోజులకి. ఇక్కడ కోపం తెచ్చుకుంటే పని జరగదు. పర్చేజ్ మేనేజర్‌ది కూడా తప్పు కాదు, ఆడిట్‌లో సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. ఆయనకి కావాల్సింది వెనక ఒక కాగితం. ఫలానా మొత్తం లోపు పైలట్ ఆర్డర్లకి టర్నోవర్ నిబంధన వర్తించదని, ముప్పై రోజుల్లో చెల్లించాలని ఫైనాన్స్ హెడ్ సంతకంతో ఒక పేజీ తయారు చేయించాం. ఆ పేజీ పని చెయ్యడానికి చట్టం కూడా సాయపడింది: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, చెల్లించేదాకా ఆ ఖర్చుకి మినహాయింపు రాదు. పన్ను మాట వినగానే ఫైనాన్స్ కదిలింది. స్టార్టప్ మీద ప్రేమతో కదల్లేదు, అది మీకూ తెలిసిందే.

మీరు కొత్తగా చేరిన చోట ఇలాంటి పేజీ లేకపోతే, మొదటి డీల్ కంటే ముందు అదే సాధించండి.

నోట్‌లో ఏం రాయాలి

పెట్టుబడి కమిటీకి పంపే నోట్‌లో మార్కెట్ సైజు స్లైడు అందరూ పెడతారు, ఎవరూ చదవరు. నేను మొదటి పేజీలో రాయించేది ఇలా ఉంటుంది: "హోసూరు రెండో లైన్‌లో జులై నుంచి వాడతారు. ఖర్చు మెయింటెనెన్స్ బడ్జెట్‌లోంచి. బాధ్యత ఫలానా మేనేజర్‌ది, ఆయన సంతకం జత చేశాం." సంతకం లేకపోతే నోట్ నా బల్ల దాటదు. సినర్జీ (కలిస్తే ఇద్దరికీ లాభం) అనే మాట మా జట్టులో నిషేధం. ఆ మాట వచ్చిన ప్రతిచోటా అసలు ఎవరు ఏం చేస్తారో రాయలేక తప్పించుకున్నట్టే.

రెండో పేజీలో ఈ కంపెనీ మునిగిపోతే మన లైన్ ఆగుతుందా అన్నది ఉండాలి. ఆగేటట్టయితే సోర్స్ కోడ్, డ్రాయింగులు మూడో పక్షం దగ్గర ఉంచే ఏర్పాటు అడగాలి. డబ్బు పోవడం కంటే లైన్ ఆగడం పెద్ద నష్టం.

షరతుల్లో అత్యాశ వద్దు

ఇండియాలో ఎక్కువ డీల్స్ సీసీపీఎస్, అంటే తప్పనిసరిగా మామూలు షేర్లుగా మారే ప్రిఫరెన్స్ షేర్ల రూపంలో జరుగుతాయి. లిక్విడేషన్ ప్రిఫరెన్స్, డ్రాగ్ అలాంగ్ లాంటి షరతులు లాయర్లు నేర్పిస్తారు, వాటి మీద ఇక్కడ సమయం ఖర్చు చెయ్యను. స్టార్టప్‌లని ఏళ్ల తరబడి పీడించిన ఏంజెల్ ట్యాక్స్ (న్యాయమైన విలువకి మించి షేర్లు అమ్మితే పడే పన్ను) 2024 బడ్జెట్‌లో రద్దయింది కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు.

కార్పొరేట్ ఇన్వెస్టర్‌కి ప్రత్యేకంగా వచ్చే రోగం వేరే ఉంది. మా లీగల్ వాళ్లు ప్రతిసారీ రెండు షరతులు జొప్పిస్తారు: కంపెనీ అమ్మితే ముందు మాకే చూపించాలి, మా పోటీదారులకి సరుకు అమ్మకూడదు. రెండూ వినడానికి బాగుంటాయి. మొదటి దాంతో వేరే కొనుగోలుదారు ఎవడూ దగ్గరికి రాడు, ఎంత కష్టపడి ధర కట్టినా చివరికి మనం తన్నుకుపోతామని వాడి భయం. రెండో దాంతో ఆ కంపెనీ ఎదగదు, మన వాటా విలువా ఎదగదు. వాటి బదులు, అమ్మకం ఆలోచన ఉంటే మాకూ తెలియజేయాలనే షరతు, మన అవసరానికి చేసిన ప్రత్యేక డిజైన్ మీద కొంతకాలం హక్కు, ఇవి అడగండి. బోర్డు సీటు బదులు, ఓటు లేకుండా కూర్చుని వినే అబ్జర్వర్ సీటు చాలు.

సమాచారం విషయంలో మరీ జాగ్రత్త. హీరో మోటోకార్ప్ 2016లో ఏథర్‌లో 205 కోట్ల దాకా పెడతామని ప్రకటించింది. 2022లో అదే హీరో విడా పేరుతో సొంత ఎలక్ట్రిక్ స్కూటర్ తెచ్చింది. అయినా 2023లో ఇద్దరూ ఫాస్ట్ చార్జింగ్ నెట్‌వర్క్‌ని ఒకరిది ఒకరికి పనికొచ్చేలా చేసుకున్నారు, 2025లో ఏథర్ స్టాక్ మార్కెట్‌కి వచ్చింది. ఇన్వెస్టరూ పోటీదారూ ఒకరే అయ్యే పరిస్థితి రేపు మీకూ రావచ్చు. అందుకే మొదటి రోజునే రాసుకోండి: స్టార్టప్ పంపే నెలవారీ లెక్కలు పెట్టుబడుల జట్టు దగ్గరే ఉంటాయి, మన ప్రోడక్ట్ వాళ్లకి వెళ్లవు. ఒకసారి ధరల పట్టిక లీకైందంటే కోరమంగల మొత్తానికి వారంలో తెలుస్తుంది, ఇక ఏ మంచి ఫౌండరూ మీ ఫోన్ ఎత్తడు.

జట్టు నడిపే స్థాయికి

డీల్స్ చేసేవాడు, జట్టు నడిపేవాడు వేర్వేరు పనులు చేస్తారు. నడిపే మనిషి ఏడాదికోసారి బడ్జెట్ కాపాడుకోవాలి. నేను పైవాళ్లకి ఇచ్చే కాగితంలో రెండే వరసలుంటాయి: పెట్టిన డబ్బు ఇప్పుడు ఎంత విలువ, ఆ స్టార్టప్ సరుకు మన దగ్గర ఎక్కడ వాడకంలో ఉంది. రెండో వరస ఖాళీగా ఉంటే మొదటి వరస ఎంత మెరిసినా, "ఇదే లాభం మ్యూచువల్ ఫండ్‌లో వచ్చేది కదా" అని ఎవరో ఒకరు అంటారు.

చెడ్డ వార్త మీ నోటి నుంచే వెళ్లాలి. ఈ పెట్టుబడుల్లో చాలావాటిని ఇండ్ ఏఎస్ 109 కింద ప్రతి రిపోర్టింగ్ తేదీకీ న్యాయమైన విలువ కట్టాలి, అంటే ఏ స్టార్టప్ కుంటుపడినా అది ఖాతాల్లో కనబడుతుంది. ఆడిటర్ చెప్పాక ఫైనాన్స్ హెడ్‌కి తెలిస్తే మీ మాటకి విలువ పోతుంది. క్వార్టర్ ముగియడానికి నెల ముందే వెళ్లి కూర్చుని చెప్పండి.

మొదటి చెక్కు రాసేటప్పుడే తర్వాతి రౌండ్‌కి కొంత పక్కన పెట్టించండి. లేకపోతే తర్వాతి రౌండ్‌లో మీరు రాకపోవడాన్ని బయటి ఫండ్లు చెడుగా అర్థం చేసుకుంటాయి: "లోపల అన్నీ తెలిసిన కంపెనీయే పెట్టలేదంటే ఏదో ఉంది" అని. ఫౌండర్లకి వద్దు అని చెప్పాల్సి వస్తే రెండు వారాల్లో చెప్పండి. "ఇంటర్నల్‌గా చూస్తున్నాం" అని నెలలు గడపడం పెద్ద కంపెనీలకి ఉన్న చెడ్డపేరు, అది మీ జట్టుకి అంటకుండా చూసుకోవడం నడిపేవాళ్ల పని.

జీతం గురించి సూటిగా: బ్యాలెన్స్ షీట్ నుంచి పెట్టే చోట్ల సాధారణంగా జీతం, బోనస్ మాత్రమే. వీసీ ఫండ్లలో లాభంలో ఇరవై శాతం వరకు జట్టుకి వచ్చే క్యారీ ఇక్కడ చాలా చోట్ల ఉండదు. కొన్ని కంపెనీలు దానికి బదులు లాభాన్ని బట్టి లెక్కగట్టిన బోనస్ ఇస్తాయి. ఉంటే మీరు ఉద్యోగం మానేశాక ఆ వాటా ఏమవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. పెట్టుబడి ఫలించడానికి ఎనిమిదేళ్లు పట్టొచ్చు, అన్నాళ్లు అదే కుర్చీలో ఎవరుంటారు?

ఆఫర్ వచ్చాక ఒక పని చేయండి. ఆ జట్టు గతంలో పెట్టుబడి పెట్టిన ఇద్దరు ఫౌండర్ల నంబర్లు అడగండి, అందులో ఒకరు కంపెనీ మూసేసినవారై ఉండాలి. డబ్బు ఎప్పుడు పడింది, మాటిచ్చిన ఆర్డర్ వచ్చిందా, కష్టంలో ఫోన్ ఎత్తారా, ఈ మూడే అడగండి. నంబరు ఇవ్వడానికి జట్టువాళ్లు నీళ్లు నమిలితే సంతకం ఇంకో వారం ఆపి, లింక్డిన్‌లో ఆ ఫౌండర్లని మీరే వెతికి పట్టుకోండి.